గుండెల్లో మంటకు ఆపరేషన్: సంతకం పెట్టే ముందు

(పెన్షనర్ల దినోత్సవ సభలో మన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ముప్పై మూడేళ్ళు ట్రెజరీలో బిల్లులు చూసినవాణ్ణి. అయినా కార్యదర్శి గారు ఈ విషయం మీద నన్ను మాట్లాడమన్నారంటే కారణం ఒకటే. ఆపరేషన్ దాకా వెళ్ళి ఆగినవాణ్ణి నేను.

సర్వీసులో ఉన్నప్పటి నుంచీ నాకు గుండెల్లో మంట, పుల్లటి త్రేన్పులు ఉండేవి. మార్చి నెలాఖరులో రాత్రి పదకొండుకు ఇల్లు చేరి, ఆవకాయతో నాలుగు ముద్దలు తిని, వెంటనే నడుం వాల్చేవాణ్ణి. రిటైరయ్యాక ఆఫీసు పోయింది గాని అలవాటు పోలేదు, మంట పెరిగింది. ఒక ఆసుపత్రిలో ఎండోస్కోపీ చేసి, "కవాటం వదులైంది, వచ్చే వారం ఆపరేషన్ చేసేద్దాం, హెల్త్ కార్డు ఉంది కదా" అన్నారు. నేను సరేనన్నాను. మా ఇంటావిడ మాత్రం "ఏనాడైనా వోచరు లేని బిల్లు పాస్ చేశారా మీరు?" అంది. ఆ మాటతో ఆగాను.

రెండో డాక్టరు గారు ముందు ఇ.సి.జి. తీయించి, గుండె జబ్బు కాదని తేల్చుకున్నారు. తర్వాత అడిగారు, "మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నారు?" అని. మంట వచ్చిన రోజున, రాత్రి భోజనం అయ్యాక అన్నాను. లోపం అక్కడే ఉంది. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ వంటి మాత్రలు పరగడుపున, టిఫినుకు అరగంట నుంచి గంట ముందు, రోజూ వేసుకుంటేనే సరిగా పనిచేస్తాయట.

ఇక ఆపరేషన్ సంగతి. అన్నవాహిక జీర్ణాశయంలో కలిసే చోట ఒక బిగువైన కండర వలయం ఉంటుంది. అది వదులైతే ఆమ్లం పైకి తన్నుతుంది. జీర్ణాశయం పైభాగాన్ని అన్నవాహిక చుట్టూ కండువాలా చుట్టి కుట్టడమే ఈ ఆపరేషన్. నిస్సెన్ అనే సర్జను ఈ పద్ధతిని 1956లో ప్రకటించారు. 1991 నుంచి చిన్న రంధ్రాల ద్వారా, లాపరోస్కోపీతో చేస్తున్నారు. మంచి ఆపరేషనే. అయితే అది సరిచేసేది ఆమ్లం పైకి రావడాన్ని మాత్రమే. మంటకు కారణం వేరొకటైతే కోత మిగులుతుంది, మంటా మిగులుతుంది.

ఈ మాటకు వోచరు చూపిస్తాను. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో జరిగిన ఒక అధ్యయనం 2019లో వెలువడింది. మాత్రలకు లొంగని మంట అని వచ్చినవారు 366 మంది. రెండు వారాలు మాత్ర సరిగా వేయిస్తే 42 మందికి నెమ్మదించింది. పరీక్షల్లో 99 మందికి మంట ఆమ్లం వల్ల కాదని, 23 మందికి అన్నవాహికలో వేరే జబ్బని తేలింది. మరికొందరు ఇతర కారణాలతో తప్పుకోగా చివరకు మిగిలింది 78 మంది. వారిలో ఆపరేషన్ జరిగిన జట్టులో 67 శాతానికి మంచి మేలు కలిగింది. అదనపు మందులు ఇచ్చిన జట్టులో 28 శాతానికే. అంటే, సరైన మనిషికి ఆపరేషనే మేలు. ఆ మనిషి మనమా కాదా అన్నదే ప్రశ్న.

నా సహోద్యోగి ఒకరు సరిగ్గా అటువంటి మనిషి. మాత్రతో మంట తగ్గింది గాని, వంగినా పడుకున్నా పుల్లనీళ్ళు గొంతులోకి వచ్చేవి, రాత్రంతా దగ్గు. 24 గంటల పి.హెచ్. పరీక్షలో ఆమ్లం పైకి వస్తున్నట్టు రుజువైంది. మానోమెట్రీలో అన్నవాహిక కదలిక బాగుందని తేలింది. పెద్ద హయటస్ హెర్నియా కూడా ఉంది. ఆపరేషన్ చేయించుకున్నారు. కొన్ని వారాలు జావ, మెత్తటి అన్నమే. ఇప్పటికీ త్రేన్పు రాదు, కడుపు ఉబ్బరిస్తుంది. "విందు భోజనం పోయింది గాని నిద్ర దొరికింది" అంటారాయన. ఆయనకది లాభసాటి బేరమే.

అది శాశ్వతమా అంటే, అందరికీ కాదు. స్వీడన్‌లో ఆపరేషన్ అయిన 2,655 మందిని గమనిస్తే 17.7 శాతానికి తిరగబెట్టిందని 2017లో ప్రకటించారు. వయసు మళ్ళినవారిలో ఆ బెడద ఎక్కువ. మనమంతా ఆ పద్దులోని వాళ్ళమే కదా!

కనుక సంతకానికి ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. మాత్ర సరైన వేళకు, సరైన మోతాదులో వాడి చూశానా? ఆమ్లమే కారణమని పరీక్షలో రుజువైందా? అన్నవాహిక కదలిక చూశారా? మింగడంలో ఇబ్బంది, ఉబ్బరం వస్తే భరించగలనా? హెల్త్ కార్డు ఉండటం ఆపరేషన్‌కు కారణం కాదు.

నా మటుకు నాకు రోజూ పరగడుపున మాత్ర, ఏడింటికల్లా రాత్రి భోజనం, మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు, వీటితోనే సరిపోయింది. డాక్టరు గారు మాత్ర మోతాదు కూడా తగ్గించారు.

చివరిగా ఒక హెచ్చరిక. మింగుడు పడకపోయినా, బరువు తగ్గినా, విరేచనం నల్లగా అయినా వెంటనే డాక్టరుకు చూపించండి. ఛాతీలో బరువు, చెమట, ఆయాసం ఉంటే "గ్యాసే" అని సోడా తాగి కూర్చోకండి. ఆసుపత్రికి పరుగెత్తండి. అక్కడ మాత్రం వోచర్లు అడగవద్దు.