గడ్డకూ వేరుంటుందా?



ఆకువక్కతో పొగాకు దవడన పెట్టుకొనే అలవాటు ఈ వత్తల్‌మలై మీదా, దిగువ ధర్మపురిలోనూ మనకు కొత్త కాదు. శ్రీకాకుళం తీరాన నిప్పువైపు నోట పెట్టి చుట్ట కాల్చే ‘అడ్డపొగ’ అంగిలి క్యాన్సరుకు కారణమని వైద్యులకు ఏనాడో తెలిసినదే. (రెండు వారాలకు మానని నోటిపుండును వెంటనే వైద్యునికి చూపండి.)

కోసివేసి, కిరణచికిత్స చేసినా కొందరిలో గడ్డ మళ్ళీ ఎందుకు పుడుతుంది? గరికను పైపైన చెక్కితే వేరు మిగిలి చిగురిస్తుంది. గడ్డలోనూ అట్టి మూలకణాలున్నాయా?

2007లో మిషిగన్, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులు తల, మెడ క్యాన్సరు గడ్డల నుండి సి.డి.44 అనే ప్రోటీను ఉపరితలాన గల కణాలను వేరుచేశారు. అవి సాధారణంగా నూటికి పదిలోపే. రోగనిరోధకశక్తి లోపించిన ఎలుకలలో వాటిని కొద్దివేలు ప్రవేశపెట్టినా కొత్త గడ్డలు లేచాయి. ఆ గుర్తు లేని కణాలు దాదాపు ఏమీ పుట్టించలేకపోయాయి. అంతకన్న విశేషం, కొత్త గడ్డలో రెండు రకాల కణాలూ ఉన్నాయి. మూలకణ లక్షణమంటే అదే.

అయితే ఆ గుర్తును చూచి మందు వేయడం సులభం కాదు. సి.డి.44 ఆరోగ్యవంతమైన చర్మంలోనూ ఉంటుంది. దాని ఒక రూపంపై గురిపెట్టిన మందు రోగుల చర్మాన్ని తీవ్రంగా దెబ్బతీయగా, ఆ పరీక్షలను మధ్యలోనే ఆపవలసివచ్చింది.