డాక్టరమ్మ పోలీసుకు చెప్పాలా?

(ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను చట్టం గురించి మాట్లాడమన్నారు. నేను లాయర్ని కాదు, సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. అందుకని చట్టం పుస్తకం పక్కన పెట్టి బాలింత గదిలోంచి మొదలుపెడతాను. మన ఇళ్లల్లో బాలింతకు నూనె రాసి, ఒళ్లు పట్టి, నీళ్లు పోసే మనిషి ఒకామె ఉంటుంది. వీపు మీద బెల్టు దెబ్బ, చేతి మీద కాలిన మచ్చ డాక్టరు కంటే ముందు చూసేది ఆమే. చూస్తుంది, ఏమీ అడగదు. అడిగితే రేపటి నుంచి పని ఉండదు. ఫిజియోథెరపీ చేసేవాళ్లదీ, మసాజ్ చేసేవాళ్లదీ ఇదే స్థితి. చూసినవాళ్లు ఎవరికి చెప్పాలి? చెప్పి తీరాలా?

దెబ్బలు తిన్నది భార్య అయితే, 2005 గృహహింస చట్టం 4వ సెక్షన్ ప్రకారం ఎవరైనా రక్షణాధికారికి చెప్పవచ్చు. 'చెప్పవచ్చు' అన్నారు, అంతే. కానీ 18 ఏళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే, 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ 'ఏ వ్యక్తి అయినా' పోలీసుకు చెప్పి తీరాలంటుంది. డాక్టరు, ఏ.ఎన్.ఎం., ఆయా, నూనె రాసే మనిషి, ఎవరికీ మినహాయింపు లేదు. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

ఈ నిబంధన ఎందుకు వచ్చిందో మనకు తెలుసు. హాస్టళ్లూ ఆశ్రమాలూ తమ పరువు కోసం పిల్లల నోళ్లు నొక్కాయి. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా రాజురాలో ఒక పాఠశాల హాస్టల్లోని ఆదివాసీ బాలికల కేసులో, విషయం తెలిసీ పోలీసుకు చెప్పలేదన్న ఆరోపణ వారికి వైద్యం చేసిన డాక్టరు మీద వచ్చింది. హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని మళ్లీ నిలబెట్టింది. మంచి పనే చేసింది.

అయితే రెండో వైపు చూడండి. పదహారేళ్ల పిల్ల, తన ఇష్టంతోనే ఒక అబ్బాయితో తిరిగింది, నెల తప్పింది. ఆ ఇష్టాన్ని చట్టం గుర్తించదు. ఒక ఏ.ఎన్.ఎం. నాతో, "మేడమ్, నేను రాస్తే ఆ అబ్బాయి జైలుకి, పిల్ల పేరు ఊరంతటికీ. రాయకపోతే జైలుకి నేను" అంది. ఈ సంగతి తల్లులకూ తెలుసు. అందుకే గర్భస్రావానికి చట్టబద్ధమైన మార్గం ఉండగా మందుల షాపులో మాత్రలు కొంటారు. రక్తం ఆగకపోతేనే ఆస్పత్రికి తెస్తారు. రక్షించాల్సిన చట్టం ఆ పిల్లను ఆస్పత్రి గుమ్మం ఎక్కనివ్వడం లేదు.

2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఈ చిక్కుకు కొంత దారి చూపింది. మైనరు, ఆమె సంరక్షకులు కోరితే, గర్భస్రావం చేసే డాక్టరు పోలీసుకిచ్చే సమాచారంలో ఆ పిల్ల పేరూ గుర్తింపు వివరాలూ రాయనక్కర్లేదు. నేను వెళ్లిన రెండు మూడు ఆరోగ్య కేంద్రాల్లో ఈ తీర్పు సంగతి ఎవరూ వినలేదు. పోక్సో బోర్డు మాత్రం గోడకు వేలాడుతోంది!

పెద్దవాళ్ల విషయంలోనూ ఇంతే. 2014లో కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, అత్యాచారానికి గురైన స్త్రీ పోలీసు కేసు వద్దంటే ఆ నిరాకరణ రాసుకోవాలి, వైద్యం మాత్రం చెయ్యాలి. "ముందు ఎఫ్.ఐ.ఆర్. తీసుకురా" అనే హక్కు ఏ ఆస్పత్రికీ లేదు.

నేను మీ ముందు పెట్టేది ఒక చిన్న పద్ధతి. పిల్ల నోరు విప్పకముందే, "ఇలాంటిది నువ్వు చెబితే నేను పోలీసుకు చెప్పాలి, నీ పేరు చెప్పకుండా ఉండే వీలు ఫలానా సందర్భంలో ఉంది" అని ఆమె భాషలో చెప్పండి. అది విన్నాక ఎంత చెప్పాలో ఆమె నిర్ణయించుకుంటుంది. అలా కాకుండా, విన్నాక వెనకనుంచి ఫోను చేస్తే ఆ పేటలో ఇంకో పిల్ల మీ దగ్గరకు రాదు.

ఇక నూనె రాసే మనిషి సంగతి. సదుద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదని పోక్సో 19వ సెక్షనే అంటోంది. కానీ ఆమె పని పోతే ఎవరు ఇప్పిస్తారు? ఆమె తరఫున మన సంఘమే వెళ్లి ఫిర్యాదు ఇవ్వగలదా? దీనికి నా దగ్గర సమాధానం లేదు. మధ్యాహ్నం గ్రూపుల్లో కూర్చున్నప్పుడు ఈ ప్రశ్నతోనే మొదలుపెడదాం.