ఆపత్కాలమునకు గృహసన్నాహము



విద్యాభివృద్ధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు పెద్దలు ఉదయమునుండి విపులముగా సెలవిచ్చియున్నారు. నాకు నియమింపబడిన విషయము వారి విషయములవంటిది కాదు. వంటింటికి, సజ్జకు, బీరువాకు సంబంధించినది. కొంచెము ఓపికతో ఆలకింప ప్రార్థించుచున్నాను.

వికారాబాదు, తాండూరు ప్రాంతములనుండి బ్రతుకుతెరువునకై హైదరాబాదు చేరిన కుటుంబములు మనలో అనేకములు. పల్లెయందు ఆపద వచ్చినచో కేక వేసినంతనే వాడకట్టు కదలివచ్చును. నగరమున ప్రక్కవాటా వారి పేరైనను మనము ఎరుగము. కావున అచ్చటి గృహస్థు ముందుగా ఆలోచించుకొనవలసినది ఎక్కువ.

తాండూరు దాపున ప్రవహించు కాగ్నా పడమటికి పోయి భీమానదిలో కలియును. మూసీ యట్లు కాదు. మన అనంతగిరి కొండలలో పుట్టి తూర్పుగా నగరమునకే పోవును. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన ఆ నది చేసిన విధ్వంసము జగద్విదితము. సుమారు 15,000 మంది మరణించిరని చెప్పుదురు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణమునందలి చింతచెట్టునెక్కి నూటయేబదిమంది వరకు బ్రతికిరట. ఆ చెట్టు నేటికిని ఉన్నది; నగరమునకు పోయినవారు చూడదగినది. తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు విచారించి, నదికి నీరు చేర్చు ప్రాంతమునందలి 788 చెరువులలో 221 తెగినవని తేల్చిరి. అనగా ఆపద నగరమున పుట్టలేదు, ఎగువనుండి దిగివచ్చినది. ఆయన సలహామీదనే ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు నిర్మింపబడినవి.

జలాశయములున్నవి గదా, ఇంక భయమేల యందురేమో. 2025 సెప్టెంబరు 26వ తేదీ రాత్రి ఆ రెండింటి గేట్ల నెత్తి నీరు వదలగా మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్సుస్టేషనులోనికే చొచ్చెను. ఆనాడు నేను వికారాబాదునందుంటిని. ఎడతెగని వానను చూచి కందిచేను ఏమగునోయని చింతించితినే గాని, చాదర్‌ఘాటు దాపున అద్దెయింట నున్న నా చెల్లెలికి ఒక్క ఫోను చేయనైతిని. ఈ తప్పు నాది. దాచుకొనుటకు ఇచ్చటికి రాలేదు.

అర్ధరాత్రి వారి యింట మోకాలిబంటి నీరు వచ్చెను. బావగారు రాత్రి డ్యూటీలో నుండిరి. చెల్లెలి అత్తగారికి ఎనుబదియేండ్లు. పక్షవాతముచే మంచము పట్టినది. ఆమెను ఎవరు మోయవలెనో, ఎచ్చటికి చేర్పవలెనో ఆ యింట ఎన్నడును అనుకొని యుండలేదు. చెల్లెలును, తొమ్మిదవ తరగతి చదువు మేనల్లుడును ఆమెను ప్లాస్టికు కుర్చీలో కూర్చుండబెట్టి, మెట్టుమెట్టునకు దింపుచు, ఎత్తుచు రెండవ అంతస్తు చేర్చిరి. ఆ ఇరువదిరెండు మెట్లకు ఎంత సేపు పట్టినదో అడిగితిని, చెల్లెలు చెప్పలేకపోయినది. ప్రాణము దక్కినది. మంచము క్రింది పెట్టెలో ముసలమ్మ పింఛను కాగితములు, పిల్లవాని సర్టిఫికెట్లు ముద్దయైనవి. ఫ్రిజ్జులోని ఇన్సులిన్ తెచ్చుకొనవలెనని ఎవరికిని తోచలేదు.

కావున మొట్టమొదట చేయవలసినది ఏ వస్తువును కొనుట కాదు. ఒకనాటి రాత్రి భోజనమైన పిమ్మట ఇంటిల్లిపాదియు కూర్చుండి, వృద్ధులను ఎవరు పట్టుకొందురు, పసివారిని ఎవరు ఎత్తుకొందురు, పై యంతస్తువారిలో ఎవరి తలుపు తట్టవలెను అని నిర్ణయించుకొనవలెను. యజమాని ఇంట లేని రాత్రిని తలంచుకొనియే నిర్ణయింపవలెను. ఆపద ఆయన సెలవుదినము చూచుకొని రాదు.

కాగితములు పెట్టెలో కాక, జిప్పుగల ప్లాస్టికు సంచిలో సజ్జపై ఉంచవలెను. మన తాండూరు బండయే నగరమున ఎన్నో యిండ్ల సజ్జలను మోయుచున్నది. దానికి ఈ పని యొక్కటి చేర్చుట బరువు కాదు. ఆ సంచిలోనే పదిదినముల మందులు, వైద్యుని చీటీ, టార్చిలైటు, కొంత చిల్లర పైకము ఉండవలెను. ఇన్సులిన్ ఫ్రిజ్జు వెలుపల కొన్నిదినములు చెడదు గనుక వెంట తీసికొనిపోవుటకు శంకింపవలదు. అటుకులు, బెల్లము, వేయించిన సెనగలు మన పూర్వులు ఎరిగిన దారిబత్తెమే.

త్రాగునీరు మనిషికి దినమునకు మూడు లీటర్ల చొప్పున మూడుదినములకు, అనగా ఐదుగురికి నలుబదియైదు లీటర్లు వేరుగా నిలువయుంచవలెను. వరదనీరు చేరిన సంపును కడిగించి క్లోరిన్ వేయించువరకు ఆ నీరు ముట్టరాదు. నేల తడి కాకమునుపే మెయిన్ స్విచ్చి ఆపి, గ్యాసు రెగ్యులేటరు కట్టివేయవలెను. నీటిలో నిలిచి స్విచ్చిని తాకినవాడు బ్రతుకుట కల్ల. 112, 108 సంఖ్యలు గోడమీద పెద్ద అక్షరములతో వ్రాసియుంచుడు. ముసలివారికిని కనబడవలెను గదా.

ఇక సంఘమునకు ఒక్క మనవి. వికారాబాదున కుండపోతగా వాన కురిసిన దినమున, ఇచ్చటి ప్రతి కుటుంబము నగరమున నదికి దాపుననున్న ఒక కుటుంబమునకు ఫోను చేయు బాధ్యత వహింపవలెను. అందుకై ఏ యింట మంచము పట్టినవారు, గర్భిణులు, శిశువులు ఉన్నారో తెలియవలెను. సభామండప ద్వారముకడ బల్లపై ఒక పుస్తకము ఉంచబడినది. మొదటి పుటలో మా చెల్లెలి యింటి చిరునామా నేనే వ్రాసితిని. దానియెదుట ఫోను చేయవలసినవారి పేరును నాదే.