స్నానపు గది: పలకల క్రింద ఏమున్నది?

ఒకప్పుడు మన డెల్టా గ్రామములలో స్నానమునకు ప్రత్యేకముగా గది ఉండెడిది కాదు. పెరటిలో నూతి ప్రక్కన ఒక బండ, దాని చుట్టును తాటాకు దడి, అంతే. స్నానము చేసిన నీరు అరటి పిలకల మొదళ్ళకో, కొబ్బరి చెట్టు పాదులోనికో పోయెడిది. అది ఎక్కడ ఇంకినను ఇంటికి వచ్చిన నష్టము లేదు. తరువాత స్నానపు గది ఇంటిలోనికి వచ్చినది. ఆపైన మేడ మీదికి ఎక్కినది. ఆ నీటి క్రింద ఇప్పుడు అరటిచెట్టు లేదు. శ్లాబు ఉన్నది, దానిలో ఇనుప చువ్వలున్నవి, దాని క్రింద మంచము వేసికొని నిద్రించు మనుష్యులున్నారు.

ఏలూరులోను, తాడేపల్లిగూడెములోను పాత స్నానపు గదులను పగులగొట్టి క్రొత్తగా టైల్సు, షవరు పెట్టించుకొను గృహస్థులు నేడు ఎందరో ఉన్నారు. గుజరాతులోని మోర్బీ నుండి వచ్చిన పలకలను దుకాణములలో గంటల తరబడి చూచి, రంగు, నిగనిగ సరిపోల్చి ఎన్నుకొందురు. ఇది తప్పు కాదు. అయితే ఆ పలకల క్రింద ఏమి వేయుచున్నారని మేస్త్రీని అడుగువారు మాత్రము తక్కువ. టైల్సు పరచినచో నీరు దిగదని మనలో ఒక గట్టి నమ్మకము.

ఈ నమ్మకమును కొంచెము పరిశీలింతము. నేలకు వాడు విట్రిఫైడ్ పలక తన బరువులో నూటికి అరవంతుకు మించి నీటిని పీల్చదు. గోడకు వాడు మెరుగు పలకలలో అనేకము పదవంతుకు పైగా పీల్చును. కాని పలక ఎంత గట్టిదైనను, పలకకును పలకకును నడుమ సందు ఉండక తప్పదు. ఆ సందును నింపు సిమెంటు గ్రౌటులో కంటికి కనబడని రంధ్రము లుండును. నీరు వాటి గుండ దిగి, పలకను అతికించిన సిమెంటులో చేరి, అక్కడి నుండి దారి వెదకికొనును. లోపల రక్షణ లేని టైల్సు పని మన పెద్దలు చెప్పిన పైన పటారము, లోన లొటారము వంటిది.

దిగిన నీరు చేయు హాని తక్షణమే తెలియదు. మొదట క్రింది గది కప్పున పసుపు మరక కనబడును, రంగు పొక్కులెత్తును. శ్లాబులోని చువ్వకు తుప్పు పట్టును. తుప్పు తాను తినివేసిన ఇనుముకంటె రెండింతలకు పైగా చోటు ఆక్రమించును. ఆ ఒత్తిడికి కాంక్రీటు పగిలి పెచ్చులు రాలును. తడిసిన గోడలో విద్యుత్తు తీగ లున్నచో ప్రాణాపాయమే. పై వాటా ఒకరిది, క్రింది వాటా ఒకరిది అయిన ఇండ్లలో ఈ మరక మూలమున మాటలు మానుకొన్న కుటుంబములును కలవు.

మన ప్రాంతమునకు ఇంకను కొన్ని ప్రత్యేకమైన చిక్కులున్నవి. కొల్లేటి చుట్టుపట్ల నల్లరేగడి నేల తడిసినప్పుడు ఉబ్బును, ఎండినప్పుడు కుంచించుకొనును. పునాది కదలినపుడు మొట్టమొదట విచ్చునది గోడయు నేలయు కలియు మూల. తాడేపల్లిగూడెము మెట్టయు డెల్టాయు కలియు చోట ఉన్నందున, అక్కడ ఏ వీధిలో ఏ నేల ఉన్నదో తెలిసికొని పని చేయించుట మేలు. ఇక రెండవది, వేసవిలో సముద్రపు పోటు ఉప్పుటేరు వెంట కొల్లేటి వైపు ఎగదన్నును. ఆ ప్రాంతమున బోరు నీరు పలుచోట్ల ఉప్పన. అట్టి నీరు చువ్వకు త్వరగా తుప్పు తెచ్చును. పలకల మీద తెల్లని చారలు కట్టును. ఆ చారలు పోవుటకై పలువురు యాసిడ్ పోసి కడుగుదురు. యాసిడ్ చారతో పాటు సందులలోని సిమెంటును గూడ తినివేయును. ఇట్టి నీరున్న ఇండ్లలో సందులకు ఎపాక్సీ గ్రౌటు వాడుట శ్రేయస్కరము.

గోడ చెమ్మ అంతయు స్నానపు గది నుండియే వచ్చుననుకొనరాదు. కాలువలు పారు నాళ్ళలో భూమిలో నీటిమట్టము పైకి వచ్చి, పునాది నుండి గోడలోనికి చెమ్మ ఎక్కును. వేసవిలో కాలువలు కట్టివేసినపుడు ఆ చెమ్మ తగ్గినచో దోషము చాలవరకు నేలది. ఏడాది పొడవునను తగ్గనిచో స్నానపు గదిని అనుమానింపవలెను. రెండు మూడు దినములు ఆ గదిలో స్నానము మాని చూడుడు. అప్పటికిని చెమ్మ పెరుగుచునే యున్నచో నీటి గొట్టము కారుచుండవచ్చును. ఆరుట మొదలిడినచో నేలయో, నీరు పోవు ట్రాపు అతుకో కారణము. ఒక్క అతుకు బాగుచేసినంత మాత్రమున సరిపోవు పనికి గది అంతయు పగులగొట్టనేల?

పగులగొట్టవలసియే వచ్చినచో పని వరుస ముఖ్యము. మొదట గొట్టములన్నియు బిగించి, నీటి ఒత్తిడి పెట్టి పరీక్షింపవలెను. పిదప నేలకు వాలు కుదుర్చవలెను. ఐదడుగులకు ఒక అంగుళము చొప్పున ట్రాపు వైపు పల్లము చాలును. గోడయు నేలయు కలియు మూలను గుండ్రముగా మలచి, ఫైబరు మెష్ పరచి, సిమెంటుతో పాలిమరు ద్రవము కలిపిన పూతను రెండు సార్లు పూయవలెను. మొదటి పూత నిలువుగా వేసినచో రెండవది అడ్డముగా వేయుదురు. ఈ పూత ట్రాపు మూతి లోపలికి దిగవలెను. గోడల మీద ఒక అడుగు ఎత్తు ఉండవలెను. చెంబుతో పోసికొన్న నీరు ముఖ్యముగా నేలమీద పడెడిది. షవరు నీరు తల ఎత్తున గోడకు కొట్టును. కావున షవరు ఉన్న గోడకు ఆరేడడుగుల వరకు పూత తప్పదు. పల్లపు శ్లాబు గల ఇండ్లలో గొట్టముల క్రింద ఒకసారి, పైన నింపిన ఇటుక ముక్కల మీద మరియొకసారి పూయవలెను. లేనిచో ఆ పల్లమే నీటి తొట్టి యగును.

పూత ఆరిన తరువాత, పలకలు పరచుటకు ముందు, ట్రాపు మూసి నేల నిండ నీరు నిలిపి, నీటి అంచున గీత గీసి నలుబది యెనిమిది గంటలు ఉంచుడు. మట్టము పెద్దగా తగ్గక, క్రింది కప్పున చెమ్మ రాకున్నచో అప్పుడు పలకలు వేయింపుడు. మేస్త్రీకి తొందర ఉండవచ్చును. ఆ రెండు దినములు ఇంటి యజమానియే పట్టుబట్టి ఆపవలెను. ఏలయన, నీరు కారిన దినమున తాపీ మేస్త్రీ ప్లంబరును చూపును, ప్లంబరు టైల్సు మేస్త్రీని చూపును. ఈ పరీక్ష ఎవరి బాధ్యత అన్నది పని ఒప్పుకొన్న నాడే తేల్చుకొనవలెను. తరువాత గీజరుకో, అలమరకో రంధ్రము తొలిచినచో, ఆ రంధ్రమును గూడ సీలెంటుతో మూయించవలెను.

మన పూర్వులు గానుగ సున్నములో కరక్కాయ, బెల్లపు నీరు కలిపి, దినముల తరబడి గచ్చు సాదించి మేడకప్పులు కట్టిరి. వారికి పాలిమరు తెలియదు గాని, పైకి కనబడని పొర మీదనే ఇల్లు నిలుచునని తెలియును.

కడపట ఒక మాట. నేలకు నిగనిగలాడు పలకలు వేయింపకుడు, గరుకుగల పలకలే మేలు. గోడకు పట్టుకొనుటకు ఒక గట్టి కడ్డీ బిగింపుడు. ఇంటిలో తాతగారో, అమ్మమ్మగారో తడి నేలమీద అడుగు వేయునప్పుడు వారికి ఆ కడ్డీయే ఆసరా.