టైరులో మసి ఏం చేస్తుంది?

రబ్బరుపాలు తెలుపు, టైరు నలుపు. ఈ నలుపు అందం కోసం కాదు. స్టైరీన్ బ్యూటాడయీన్ అనే కృత్రిమ రబ్బరును పూరకం లేకుండా వల్కనీకరిస్తే 2, 3 మెగాపాస్కల్‌ల ప్రతిబలానికే తెగిపోతుంది. దాని 100 పాళ్ళకు 50 పాళ్ళ కార్బన్ బ్లాక్, అంటే ఒక రకం మసి, కలిపితే సుమారు 20 తట్టుకుంటుంది. నానోమీటర్లలో కొలిచే ఆ రేణువులకు రబ్బరు అణువుల గొలుసులు గట్టిగా అంటుకుంటాయి. ముతక సుద్దపొడితో ఖర్చు తగ్గుతుందేగాని బలం రాదు.

మసి మితిమీరిందా, రబ్బరు బిరుసెక్కి, వంగినప్పుడల్లా లోపల వేడి పుడుతుంది. ఆ వేడికి ఆక్సీకరణ పెరిగి, టైరుకు త్వరగా వయసు మీదపడుతుంది. అతినీలలోహిత కిరణాలను మసి తానే పీల్చుకుంటుంది. ఓజోన్‌ను ఆపడం మాత్రం దానివల్ల కాదు. మీ ఇంటి పాత సైకిలు టైరు పక్కగోడ చూడండి. ఆ సన్నని పగుళ్ళు చాలావరకు ఓజోన్ పనే. అందుకే మైనం, ఓజోన్ నిరోధకాలు వేరుగా కలుపుతారు.