పాసైన పిల్లకు డబ్బు రాలేదు

పొదుపు, అప్పు, రికవరీ లెక్కలు మన అధ్యక్షురాలు చెప్పారు. మమ్మల్ని పిల్లల చదువు గురించి మాట్లాడమన్నారు. మా సంఘంలో జరిగిందే చెబుతాం. గొప్పగా చెప్పుకునేది కాదు. చెప్పకపోతే మీ సంఘంలోనూ జరుగుతుందని చెబుతున్నాం.

మూడేళ్ళ కిందట మా సభ్యురాలి కూతురు జడ్పీ హైస్కూల్లో ఎనిమిదో తరగతి చదువుతూ ఎన్.ఎం.ఎం.ఎస్. పరీక్ష పాసైంది. లెక్కల సారు రోజూ బడికి ముందే ఒక గంట కూర్చోబెట్టి చెప్పారు. ఆ పరీక్షలో రెండు పేపర్లు, ఒక్కోదానికి 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. ఒకటి పాఠాల్లోంచి వస్తుంది. రెండోది తెలివికి పరీక్ష. వరుసలో తర్వాత ఏ అంకె వస్తుంది, ఈ బొమ్మల్లో ఏది వేరు, అలాంటివి. బట్టీ పడితే రావు. మన ఆంధ్ర మొత్తానికి ఏడాదికి 4,087 మందికే ఇస్తారు. అందులో మా పిల్ల ఒకతి! మీటింగులో అందరికీ లడ్డూలు పంచాం.

పాసైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏడాదికి 12,000 వస్తాయి. నాలుగేళ్ళకు 48,000. మేము ఆ డబ్బు దానంతటదే అకౌంటులో పడుతుందనుకున్నాం. తొమ్మిదిలో చేరాక నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పేరు ఎక్కించాలని మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. తెలిసి వెళితే ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, బడి రికార్డులో ఒక్క అక్షరమే ఉంది. పేరు కలవదన్నారు. కూలి మానుకుని నాలుగుసార్లు తిరిగాం. సరిచేసుకుని వచ్చేసరికి గడువు అయిపోయింది, ఇక కుదరదన్నారు.

పిల్ల ఒక్క మాట అనలేదు. వాళ్ళ నాన్న మాత్రం "పాసై ఏం లాభం, సంబంధం చూద్దాం" అన్నాడు. మేము నలుగురం వెళ్ళి కూర్చుని ఒప్పించాం. సంఘం నుంచి 10,000 అప్పిచ్చి ఇంటర్‌లో చేర్పించాం. ఊరికే రావాల్సిన డబ్బు పోయింది, వాళ్ళమ్మ ఇప్పుడు నెలనెలా వడ్డీతో కడుతోంది. రికవరీ పుస్తకంలో ఆ సంతకం చూసినప్పుడల్లా మాకు కడుపులో దేవినట్టుంటుంది.

ఇంకో మాట. కోపం తెచ్చుకోవద్దు, మా ఇళ్ళల్లోనూ ఇంతే. మగపిల్లాణ్ణి కాన్వెంటుకు పంపి, ఆడపిల్లను సర్కారు బడిలో వేశాం. వాడి ఫీజుకు స్త్రీనిధి అప్పు కూడా తెచ్చాం. ఈ పరీక్ష సర్కారు, జడ్పీ, ఎయిడెడ్ బడుల్లో చదివేవాళ్ళకే. ప్రైవేటు బడి పిల్లలకు లేదు, గురుకులాల్లో ఉండి చదివేవాళ్ళకూ లేదు. మనం పైసా ఖర్చు పెట్టని పిల్లకే ఈ దారి ఉంది. ఇంటి ఆదాయం ఏడాదికి 3,50,000 దాటకూడదు, ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి. ఎస్సీ, ఎస్టీలకు 50 చాలు.

ఐదో తరగతి పిల్లలున్నవాళ్ళు నవోదయ సంగతి కూడా అడగండి. పరీక్ష తెలుగులోనే రాయొచ్చు. సీట్లలో 75 శాతానికి తగ్గకుండా పల్లె పిల్లలకే, మూడో వంతు ఆడపిల్లలకు. కానీ ఒక్కసారే రాయనిస్తారు. ఆడపిల్లను హాస్టల్లో వేస్తారా అని మా అత్తగార్లు గొడవ చేశారు, అది వేరే కథ.

ఇప్పుడు మా మీటింగు పుస్తకంలో ఒక పేజీ పిల్లలకే పెట్టాం. ఏడు, ఎనిమిది చదివేవాళ్ళ పేర్లు, ఆధార్‌లో ఎలా ఉంది, బడిలో ఎలా ఉంది, పిల్ల పేరు మీద అకౌంటు ఉందా, ఆధార్ లింకు అయిందా, అన్నీ పొదుపు కట్టించుకున్నాక చూస్తాం. డబ్బు వస్తున్నవాళ్ళు కూడా ఏటా రెన్యువల్ చేయాలి, పదిలో 60 శాతం తెచ్చుకోవాలి. ఎస్సీ, ఎస్టీలకు 55.

ఈసారి నలుగురి పేర్లున్నాయి. ఒక పిల్లకు ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పు పడింది. మంగళవారం దానికోసం మండలానికి పోతున్నాం. మీలో ఎవరికైనా అదే పని ఉంటే తొమ్మిది గంటల ఆటోకి రండి, కలిసి పోదాం.