ప్రమాద బాధితుల పరిహార హక్కు – మన బాధ్యత

(నంద్యాల జిల్లాలో జరిగిన కార్మిక కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నాపరాయి మన ప్రాంతానికి అన్నం పెడుతున్న రాయి. బేతంచెర్ల, బనగానపల్లె పరిసరాల గనుల్లోనూ, పాలిష్ ఫ్యాక్టరీల్లోనూ మన పిల్లలెందరో పనిచేస్తున్నారు. అన్నం పెట్టే ఆ రాయే అప్పుడప్పుడు వేళ్లను, కాళ్లను, ఒక్కొక్కసారి ప్రాణాలను కూడా తీసుకుంటున్నది.

కొన్నేండ్ల క్రితం మాకు తెలిసిన ముప్పై ఏండ్ల యువకుడొకడు రాయి కోసే మిషను వద్ద కుడిచేతి బొటనవ్రేలు కోల్పోయాడు. మేము, అంటే పదవీ విరమణ చేసిన నలుగురు మిత్రులము, ఆసుపత్రికి వెళ్లి పరామర్శించాము. పండ్లు ఇచ్చాము, దుఆ చేశాము, తిరిగి వచ్చాము. యజమాని ఆసుపత్రి ఖర్చు భరించి, పైన ఇరవై వేలు చేతిలో పెట్టి, ఇకపై ఏమీ అడగనని కాగితం మీద సంతకం చేయించుకున్నాడు. ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగకాలమంతా ఫైళ్లు నడిపిన మాకు ఆనాడు ప్రమాదం జరిగిన తేదీని రాసిపెట్టాలని కూడా తోచలేదు. రెండేండ్లు దాటిన తరువాత అతని భార్య ఆ కాగితం పట్టుకొని మా గడప తొక్కినప్పుడు గానీ మేము చట్టం పుస్తకం తెరవలేదు. ఈనాడు మీ ముందు మాట్లాడుతున్నామంటే అందుకు కారణం ఆ సిగ్గే.

చట్టం ఏమంటున్నది? 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం 2025 నవంబరు వరకు అమలులో ఉండేది. ఈఎస్ఐ వర్తించని చోట పనివల్ల గాయపడిన కార్మికునికి యజమాని పరిహారం చెల్లించాలి. యజమాని నిర్లక్ష్యాన్ని రుజువు చేయవలసిన అవసరం లేదు. బొటనవ్రేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం నష్టమని ఆ చట్టం పట్టికలోనే ఉండేది. నెల వేతనం 12,000 రూపాయలు, వయసు 30 ఏండ్లు అనుకుందాము. వేతనంలో 60 శాతం 7,200. దానిని ఆ వయసుకు నిర్ణయించిన 207.98తో హెచ్చించి, వచ్చిన మొత్తంలో 30 శాతం తీస్తే దాదాపు 4,49,000 రూపాయలు. ఆ ఇరవై వేలను దీని పక్కన పెట్టి చూడండి. హక్కు వదులుకొన్నట్లు రాయించుకొన్న కాగితం ఆ చట్టం 17వ సెక్షన్ ప్రకారం చెల్లేది కాదు. ఆ చట్టం కింద క్లెయిము వేయడానికి గడువు రెండేండ్లు ఉండేది. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషనర్ స్వీకరించవచ్చును. ఆ ఆశతోనే ఆ సోదరునిచేత అర్జీ వేయించాము. విచారణ సాగుతున్నది.

హాజరు పుస్తకంలో పేరు లేదని చాలామంది వెనుకాడుతున్నారు. ఫోన్‌పేలో వచ్చిన కూలీ, తోటి పనివారి సాక్ష్యం, ఆసుపత్రి చీటీలో గాయం ఎక్కడ తగిలిందో రాసిన ఒక్క వాక్యం – ఇవన్నీ ఆధారాలే. కనుక డాక్టరుకు నిజమే చెప్పండి. ఇంట్లో జారిపడ్డాడని చెప్పించేవారి మాట వినవద్దు.

రోడ్డు ప్రమాదాల్లో గడువు ఇంకా తక్కువ. 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో ఆరు నెలలలోపు క్లెయిము వేయాలి. ప్రమాదం దూరాన జరిగినా, మనం నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే వేయవచ్చును. ఢీకొన్న వాహనం ఏదో తెలియకపోయినా దారి మూసుకుపోదు: మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేల రూపాయలు ఇచ్చే పథకం ఉన్నది. అయితే పోలీసు కేసు నమోదు కావాలి. ఒక హెచ్చరిక కూడా చేయదలచాము. పెండ్లి బృందాలను లారీల్లో, కూలీ తల్లులను సరుకుల ఆటోల్లో ఎక్కించవద్దు. సరుకు వాహనంలో ఊరికే ఎక్కినవారికి ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యత లేదని సుప్రీం కోర్టు తీర్పులు చెబుతున్నాయి. అప్పుడు చెల్లించవలసినవాడు వాహన యజమాని మాత్రమే. అతని వద్ద ఏమీ లేకపోతే గెలిచిన తీర్పు కాగితంగానే మిగులుతుంది.

వకీలుకు డబ్బెక్కడిదని అడుగుతారు. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టంలో ఉచిత సహాయానికి అర్హుల జాబితా ఉన్నది. మైనారిటీలన్న మాట అందులో లేదు. అయినా స్త్రీలు, పిల్లలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు ఆదాయంతో నిమిత్తం లేకుండా అర్హులు. ఇతర పేదలు ఆదాయ పరిమితిని బట్టి అర్హులు. మన బాధితుల్లో అధికులు ఈ వరుసల్లోకే వస్తారు. కోర్టు ఆవరణలోని మండల న్యాయసేవల కమిటీలో అర్జీ ఇవ్వవచ్చును, లేదా 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చును. ఆసుపత్రి మంచం వద్దకే వచ్చి పరిహారంలో వాటా అడిగే దళారులను నమ్మవద్దు. ఫలితంలో వాటాను ఫీజుగా మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు వకీళ్లకే నిషేధించాయి; దళారికి ఆ హక్కు ఎక్కడిది?

కొందరు పెద్దలు "ఇది తఖ్దీర్, సబ్ర్ చేద్దాము" అంటారు. సబ్ర్ తప్పక చేద్దాము. కాని పొరపాటున ప్రాణం పోయినా మృతుని కుటుంబానికి దియత్ చెల్లించాలని సూరా నిసా 92వ ఆయత్‌లో ఆదేశం ఉన్నది కదా! ఆ కుటుంబం క్షమించవచ్చును, అది వారి ఔదార్యం. తెలియక పోగొట్టుకొనడం ఔదార్యం కాదు.

కాబట్టి మా విన్నపం ఇది. ప్రతి మసీదు కమిటీ ఒక పుస్తకం తెరవాలి. ప్రమాదం జరిగిన నాడే తేదీ, స్థలం, యజమాని లేదా వాహనం వివరం అందులో రాయాలి. వారంలోగా ఎఫ్ఐఆర్ నకలు, ఆసుపత్రి కాగితాలు సేకరించాలి. గడువు ముగిసే తేదీని ఎర్ర సిరాతో గుర్తించాలి. చదువుకున్న యువకుడు ఒకడు, విశ్రాంత ఉద్యోగి ఒకడు ఉంటే ఈ పని సాగుతుంది. మా ఊరిలో ఆ పుస్తకం తెరిచాము. అందులో మొదటి పేరు ఆ సోదరునిదే. గడువు దాటిన తరువాత ఎక్కిన పేరు అది. ఆ విధంగా ఎక్కే చివరి పేరు కూడా అదే కావాలని అల్లాహ్‌ను వేడుకుంటున్నాము.

ఇకపై పరామర్శకు వెళ్లేటప్పుడు పండ్లతో పాటు ఒక కలము, కాగితము కూడా తీసుకువెళ్దాము. వస్సలాము అలైకుమ్.